హింసాత్మక నేరాలు చేసిన అబ్బాయిలు, అమ్మాయిలు: తేడా అసలు ఎక్కడుంది?

మీ ప్రశ్నని కుదిస్తే ఇదీ: హత్య, హత్యాయత్నం, దోపిడీ, తీవ్రంగా గాయపరచడం లాంటి కేసుల్లో ఉన్న టీనేజర్లకి కౌన్సెలర్‌గా చేరబోతున్నారు, ఇప్పటిదాకా చదివిందంతా అబ్బాయిల గురించే, ఇప్పుడు అమ్మాయిల విభాగం కూడా మీకే అప్పగించారు. "అమ్మాయిలు అసలు వేరే రకమా? ఈ మధ్య వాళ్లలో కూడా క్రూరత్వం పెరిగిపోయిందంటున్నారు, నిజమేనా? నేను దేన్ని వేరుగా చూడాలి?" అని అడిగారు. ఇలాంటి పిల్లలతో కూర్చుని మాట్లాడటం, రిస్క్ అసెస్‌మెంట్లు, అంటే మళ్లీ నేరం చేసే ప్రమాదం ఎంతో అంచనాలు రాయడం, కోర్టులకి నివేదికలు ఇవ్వడం చాలా ఏళ్లుగా నా పని. జవాబు పొడుగ్గానే ఉంటుంది.

ఎంతమంది ఈ స్థితికి వస్తారన్న దగ్గర ఇద్దరి మధ్యా తేడా చాలా పెద్దది. ఎందుకు వస్తారన్న దగ్గర మాత్రం జనం అనుకునేంత లేదు. ఎవరి మీద, ఎక్కడ, ఎవరితో కలిసి చేస్తారన్న దగ్గర మళ్లీ పెద్ద తేడా కనబడుతుంది. ఈ మూడు ప్రశ్నలనీ ఒకే మూటలో కట్టేసి మాట్లాడటం వల్లే సగం గొడవ. టీవీ చర్చల్లో అయితే ఆ మూట విప్పే ఓపిక ఎవరికీ ఉండదు.

లెక్కలతో మొదలుపెడదాం. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల కార్యాలయం 2019లో హత్యల మీద ప్రపంచస్థాయి నివేదిక ఇచ్చింది. అందులో హత్య కేసుల్లో అనుమానితులు సుమారు 90 శాతం మగవాళ్లు, చనిపోయిన వాళ్లలో కూడా 81 శాతం మగవాళ్లే. ఇది అన్ని వయసుల లెక్క, కానీ యువకుల దగ్గరికి వచ్చినా బొమ్మ పెద్దగా మారదు. దొంగతనాలు, చిన్న చిన్న ఉల్లంఘనల్లో అమ్మాయిల వాటా కాస్త చెప్పుకోదగ్గట్టు ఉంటుంది, నేరం తీవ్రత పెరిగే కొద్దీ ఆ వాటా పడిపోతూ వస్తుంది. లైంగిక నేరాల్లో మరీ తక్కువ: అమెరికా పోలీసు రికార్డుల మీద 2009లో వచ్చిన విశ్లేషణలో, ఇతర పిల్లల మీద లైంగిక నేరం చేసిన మైనర్లలో అమ్మాయిలు 7 శాతం. కాబట్టి "ఇప్పుడు అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకటే" అనే మాట సంఖ్యల దగ్గరే నిలబడదు.

ఈ తేడా ఎప్పుడు మొదలవుతుంది? చాలామంది "యుక్తవయసు, టెస్టోస్టెరాన్" అని ఠక్కున చెప్పేస్తారు. నేను ఆ మాటని అంత సులువుగా ఒప్పుకోను. కెనడాలోని క్విబెక్‌లో పసిపిల్లల్ని పుట్టినప్పటినుంచీ అనుసరించిన అధ్యయనం ఒకటుంది, దాని ఫలితాలు 2007లో వచ్చాయి. పదిహేడు నెలల వయసుకే తరచుగా కొట్టడం, తన్నడం, కొరకడం చేసే పిల్లలు అబ్బాయిల్లో దాదాపు 5 శాతం, అమ్మాయిల్లో 1 శాతం. పదిహేడు నెలలంటే ఇంకా వాక్యాలు కూడా సరిగ్గా రాని వయసు. ఇంకో విషయం, శారీరకంగా కొట్టే అలవాటు రెండు మూడేళ్ల వయసులో అందరిలోనూ శిఖరానికి వెళ్లి అక్కణ్ణుంచి తగ్గుతుంది. చాలామంది పిల్లలు కొట్టకుండా ఉండటం నేర్చుకుంటారు, కొద్దిమంది నేర్చుకోరు. నేర్చుకోని వాళ్లు ఎక్కువగా అబ్బాయిలు. పద్నాలుగో ఏట వాళ్లకి కొత్తగా వచ్చేది కోపం కన్నా కండబలం, ఆయుధం, తోడుండే గుంపు, అడిగేవాళ్లు లేని రాత్రులు. మూడేళ్ల పిల్లాడు కొడితే నవ్వేసిన ఇల్లే పదిహేనేళ్ల వాడు అదే పని చేస్తే పోలీసుల్ని పిలుస్తుంది.

అలాగని అమ్మాయిలు ఎప్పుడూ మెత్తగా ఉంటారని కాదు. మాటలతో పొడవడం, గుంపులోంచి వెలేయడం, పుకార్లు పుట్టించడం లాంటి వాటిలో అమ్మాయిలే ముందుంటారని మనందరికీ ఒక నమ్మకం. 2008లో 148 అధ్యయనాల్ని కలిపి చూసినప్పుడు ఆ తేడా దాదాపు లేదని తేలింది, అబ్బాయిలు కూడా ఆ పని దిట్టంగానే చేస్తారు. శారీరక హింస దగ్గరే అసలు తేడా.

ఇక "ఎందుకు" అనే ప్రశ్న. ఇక్కడ నేను ఎక్కువగా ఆధారపడేది న్యూజీలాండ్‌లోని డునెడిన్ అధ్యయనం మీద. 1972-73లో ఆ ఊళ్లో పుట్టిన 1,037 మంది పిల్లల్ని దశాబ్దాలుగా అనుసరిస్తున్నారు. టెర్రీ మోఫిట్, ఆమె సహచరులు అందులో రెండు గుంపుల్ని గుర్తించారు. ఒక గుంపు చిన్నప్పటినుంచే గొడవలు మొదలుపెట్టి పెద్దయ్యాక కూడా కొనసాగించేది. రెండోది టీనేజిలో మాత్రమే దారి తప్పి, తర్వాత చాలావరకు సర్దుకునేది. రెండో గుంపులో ఒక అమ్మాయికి ఒకటిన్నర మంది అబ్బాయిలు, అంటే దాదాపు సమానమే. మొదటి గుంపులో మాత్రం ఒక అమ్మాయికి పదిమంది అబ్బాయిలు. తీవ్రమైన హింస ఎక్కువగా మొదటి గుంపు నుంచే వస్తుంది, అందుకే జైళ్లలో లెక్క అలా ఉంటుంది.

అసలు ఆసక్తికరమైనది దీని తర్వాత వచ్చే సంగతి. ఆ మొదటి గుంపులోకి నెట్టే కారణాలు ఇద్దరికీ దాదాపు ఒకటే: మాటలు ఆలస్యంగా రావడం, చదవడంలో వెనకబాటు, నిలకడ లేకపోవడం, కోపం వస్తే ఆపుకోలేకపోవడం, ఇంట్లో దెబ్బలు, తల్లిదండ్రుల మధ్య కొట్లాటలు, ఒక పద్ధతంటూ లేని పెంపకం. అబ్బాయిల్లో ఈ మొదటి నాలుగు ఎక్కువ మందికి ఉంటాయి, సంఖ్యల్లో తేడాకి చాలా భాగం అక్కడే దొరుకుతుంది. అదే భారం ఉన్న అమ్మాయి కూడా అదే దారిలో నడుస్తుంది. అంటే అమ్మాయిల హింసకి వేరే సిద్ధాంతం, అబ్బాయిల హింసకి వేరే సిద్ధాంతం కట్టాల్సిన అవసరం చాలా తక్కువ. అమ్మాయిల్లో ఈ గొడవలు ఆలస్యంగా, టీనేజిలో మొదలవుతాయని 1999లో ఒక వాదన వచ్చింది. చిన్నప్పుడే కారణాలన్నీ ఉన్నా బయటపడటం మాత్రం తర్వాత జరుగుతుందని. కొందరి ఫైళ్లలో అది నిజమే అనిపిస్తుంది, అందరికీ వర్తించదు. ఆరేళ్లకే క్లాసులో కుర్చీలు విసిరిన అమ్మాయిల ఫైళ్లు కూడా నేను చూశాను.

మీరు చేరాక మొదటి నెలలోనే మీకు ఒకటి అనిపిస్తుంది, అమ్మాయిల విభాగం అబ్బాయిల దానికన్నా బరువుగా ఉందని. అది భ్రమ కాదు. చుట్టూ ఉన్నవాళ్లు ఆపుతారు, సమాజం ఒప్పుకోదు, స్నేహితురాళ్లు దూరమవుతారు, ఇన్ని అడ్డంకులు దాటి ఒక అమ్మాయి తీవ్రమైన హింస దాకా వచ్చిందంటే ఆమె వెనక తోసిన బలం మామూలుది కాదు. అబ్బాయిని తోయడానికి అంత బలం అక్కర్లేదు, కాస్త నెడితే చాలు, గుంపే మిగతాది చూసుకుంటుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో కేసుల్లోకి వచ్చిన 64,329 మంది పిల్లల బాల్యం మీద 2014లో వచ్చిన అధ్యయనంలో, లైంగిక వేధింపుకి గురైనట్టు నమోదైన వాళ్లు అమ్మాయిల్లో 31 శాతం, అబ్బాయిల్లో 7 శాతం. అదే కుటుంబ హింస దగ్గరికి వస్తే ఇద్దరిలోనూ ఎనభై శాతం పైనే. షికాగోలో నిర్బంధంలో ఉన్న 1,829 మంది పిల్లల్ని 1995 నుంచి 1998 దాకా చేర్చుకున్న నార్త్‌వెస్టర్న్ అధ్యయనంలో, ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నవాళ్లు అబ్బాయిల్లో దాదాపు మూడింట రెండు వంతులు, అమ్మాయిల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు.

అబ్బాయిల్లో లైంగిక వేధింపుకి గురైనవాళ్లు 7 శాతమే అన్న లెక్కని మాత్రం నేను నమ్మను. అబ్బాయిలు చెప్పరు. అడిగినా చెప్పరు, రెండోసారి అడిగితే కోపం తెచ్చుకుంటారు, చాలా చోట్ల అసలు అడగరు కూడా. అమ్మాయి ఫైల్లో "గతంలో వేధింపు" అనే గడి నింపడానికి సిబ్బంది ప్రయత్నిస్తారు, అబ్బాయి ఫైల్లో అదే గడి దగ్గర "లేదు" అని కొట్టేసి ముందుకెళ్తారు. అమ్మాయి చేస్తే "పాపం, ఏం అనుభవించిందో", అబ్బాయి చేస్తే "వీడి బుద్ధే అంత" అనే రెండు నాల్కల ధోరణి మన వృత్తిలో చాలా లోతుగా ఉంది. దీనికి తిరగేసిన రూపం కూడా ఉంది, అది ఇంకా చెడ్డది: అమ్మాయి మరీ ఘోరమైన నేరం చేస్తే అప్పటిదాకా ఉన్న జాలి ఒక్కసారిగా ఆవిరై, అదే పని చేసిన అబ్బాయి కన్నా ఆమెని పెద్ద రాక్షసిని చేస్తారు. "ఆడపిల్ల అయ్యుండి" అనే మాట తీర్పు రాకముందే తీర్పు ఇచ్చేస్తుంది.

ఇప్పుడు ఎవరి మీద అన్న విషయం. నా దృష్టిలో ఫైలు చదివేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే. నేరం పేరు చాలా తక్కువ చెబుతుంది. దెబ్బ తిన్న మనిషికీ కొట్టిన వాళ్లకీ ఉన్న సంబంధం చాలా చెబుతుంది. మైనర్లు చేసిన హత్యల మీద వచ్చిన అధ్యయనాల్లో ఒక తీరు పదేపదే కనబడుతుంది. అబ్బాయిలు ఎక్కువగా పరిచయస్తుల్ని, అపరిచితుల్ని చంపుతారు, తుపాకులు దొరికే దేశాల్లో తుపాకీతో, చాలాసార్లు దోపిడీ లాంటి ఇంకో నేరం మధ్యలో. అమ్మాయిల కేసుల్లో కుటుంబ సభ్యుల వాటా ఎక్కువ, కత్తి ఎక్కువ, అప్పటికే నడుస్తున్న గొడవ ఎక్కువ. తల్లితో, పిన్నితో, సవతి తండ్రితో, ప్రియుడితో. అమ్మాయి హింస ఎక్కువగా సంబంధం లోపల పుడుతుంది. అబ్బాయిది ఎక్కువగా వీధిలో, నలుగురు చూస్తుండగా, పరువు చుట్టూ తిరుగుతుంది. రెండు చోట్లా మినహాయింపులు బోలెడు, తీరు మాత్రం అదే.

ఇందులోంచి ఒక చిన్న గుంపుని పూర్తిగా పక్కన పెట్టి చూడాలి. గర్భం దాచిపెట్టి, ఒంటరిగా ప్రసవించి, ఆ బిడ్డ ప్రాణం తీసిన అమ్మాయిలు. చట్టం దృష్టిలో అది హత్య కేసే కావచ్చు, కానీ వీళ్లలో చాలామందికి హింస చరిత్ర అంటూ ఏదీ ఉండదు. భయం, గర్భాన్ని తనకి తానే ఒప్పుకోకపోవడం, చెప్పుకోవడానికి ఒక్క మనిషి కూడా లేకపోవడం, ఇవే ఉంటాయి. అలాంటి పిల్లని తీసుకెళ్లి కోపాన్ని అదుపు చేసుకునే తరగతిలో కూర్చోబెడితే అంతకన్నా అర్థం లేని పని ఉండదు, అయినా నేరం పేరు చూసి అలా కూర్చోబెట్టిన సందర్భాలు నాకు తెలుసు.

దోపిడీల గురించి కూడా రెండు మాటలు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో దోపిడీలు చేసిన మగవాళ్లనీ ఆడవాళ్లనీ జోడీ మిల్లర్ అనే నేరశాస్త్రవేత్త పోల్చి చూసి 1998లో రాసింది. ఎందుకు చేశారంటే ఇద్దరూ ఒకే జవాబు చెప్పారు: డబ్బు, నగలు, గుర్తింపు, కాస్త ఉత్కంఠ. ఎలా చేశారన్నది మాత్రం పూర్తిగా వేరు. మగవాళ్లు తుపాకీతో మగవాళ్ల మీదికి వెళ్లారు. ఆడవాళ్లు ఎక్కువగా ఇతర ఆడవాళ్లని, తుపాకీ లేకుండా, చేతులతోనే. లేదంటే మగవాళ్లని ఆశపెట్టి రప్పించడం, లేదా మగ స్నేహితుల దోపిడీలో సాయం చేయడం. వీధి మగవాళ్ల చేతిలో ఉందని ఆ అమ్మాయిలకి బాగా తెలుసు, ఆ లెక్క వేసుకునే పద్ధతి ఎంచుకున్నారు. కారణం ఒకటైనా దారి వేరు కావడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

పక్కన ఎవరున్నారన్నది అమ్మాయిల విషయంలో ఇంకా ఎక్కువ చూడాలి. డునెడిన్ పిల్లల్లోనే ఒక చక్కటి ఫలితం ఉంది, 1993లో వచ్చింది. తోటివాళ్ల కన్నా ముందే రజస్వల అయిన అమ్మాయిలు గొడవల్లోకి ఎక్కువగా వెళ్లారు, అయితే అబ్బాయిలతో కలిసి చదివే స్కూళ్లలో మాత్రమే, అమ్మాయిల స్కూళ్లలో అలా జరగలేదు. శరీరం ముందు ఎదిగితే వయసులో పెద్ద అబ్బాయిలు దగ్గరవుతారు, వాళ్లతో పాటు వాళ్ల అలవాట్లూ వస్తాయి. కేసుల్లో ఉన్న అమ్మాయిల్ని "నీ బాయ్‌ఫ్రెండ్ వయసెంత?" అని అడిగి చూడండి. పదిహేనేళ్ల పిల్లకి ఇరవై రెండేళ్ల వాడు ఉంటే, అతను దోపిడీ కేసులో సహ నిందితుడు కూడా అయితే, ఆమె నేరస్తురాలా బాధితురాలా అనే ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు ఉండదు. రెండూ. దోపిడీలో ఆమె పాత్ర నిజం, అతను ఆమెని వాడుకున్నదీ నిజం. ఒకటి ఒప్పుకుంటే రెండోది చెరిగిపోతుందని భయపడే వకీళ్లు, కౌన్సెలర్లు ఇద్దరూ నాకు తగిలారు. గ్యాంగుల మీద జరిగిన పరిశోధనలో కూడా ఇదే కనబడుతుంది: మగవాళ్లు ఎక్కువగా ఉన్న గ్యాంగుల్లోని అమ్మాయిలు, అమ్మాయిలే ఎక్కువగా ఉన్న గ్యాంగుల్లోని వాళ్ల కన్నా ఎక్కువ నేరాలు చేస్తారు.

"క్రూరత్వం పెరిగిపోయిందా" అన్నారు కదా. దీనికి దగ్గరి చరిత్ర ఒకటి ఉంది. 1990లలో అమెరికాలో దాడి కేసుల్లో అమ్మాయిల అరెస్టులు బాగా పెరిగాయి, పత్రికలు హడలెత్తిపోయాయి. 2004లో అక్కడి న్యాయశాఖ దీన్ని తేల్చడానికి నిపుణుల బృందాన్ని వేసింది. అంతకుముందే కొందరు, తర్వాత ఆ బృందం కూడా, అరెస్టుల లెక్కని ఇంకో రెండు లెక్కలతో పోల్చారు: పిల్లలు తమంతట తాము ఒప్పుకున్న సర్వేలు, బాధితుల్ని అడిగిన సర్వేలు. ఆ రెండింటిలో అలాంటి పెరుగుదల లేదు. మారింది పెద్దవాళ్ల ప్రవర్తన. గృహహింస ఫిర్యాదు వస్తే ఎవరో ఒకరిని తప్పనిసరిగా అరెస్టు చేయాలనే నియమాలు వచ్చాయి. అవి భార్యల్ని కాపాడటానికి పెట్టినవి. తల్లీ కూతురూ తోసుకున్న ఇంటికి పోలీసులు వెళ్తే కూతురిని తీసుకొచ్చారు. స్కూళ్లలో ఏ మాత్రం సహించబోమనే విధానాలు వచ్చి, ఒకప్పుడు ప్రిన్సిపాల్ గదిలో తేలిపోయే కొట్లాటలు స్టేషన్‌కి చేరాయి. ఇంకో కిటుకు కూడా ఉంది. అమెరికాలో పిల్లల నేరాల మీద 1974లో వచ్చిన చట్టం తర్వాత ఇంట్లోంచి పారిపోయిన పిల్లల్ని, మాట వినని పిల్లల్ని ఆ కారణంతో నిర్బంధించడం కష్టమైంది. అదే పిల్లల మీద "దాడి" అని రాస్తే నిర్బంధించొచ్చు. ముందు "పారిపోయింది" అని రాసిన ఫైలు తర్వాత "తల్లిని నెట్టింది" అని మారింది.

ఇప్పుడు ఫోన్ వీడియోల వంతు. ఇద్దరు అమ్మాయిలు జుట్టు పట్టుకుని కొట్టుకునే వీడియో లక్షల మంది చూస్తారు, అదే ఇద్దరు అబ్బాయిలది అయితే ఎవరూ పంచుకోరు. అరుదైనదే వార్త అవుతుంది, వార్త అయ్యాక ఎక్కడ చూసినా ఉన్నట్టు అనిపిస్తుంది. మీ దేశంలో, మీ ఊళ్లో ఎవరైనా పెరిగిందంటే ఒకటే అడగండి: పెరిగింది నేరమా, కేసా, వీడియోనా?

మీరు అబ్బాయిల గురించే చదివారన్నారు, అది మీ తప్పు కాదు, ఈ రంగం మొదలైందే అలా. 1945లో పుట్టి ఫిలడెల్ఫియాలో పెరిగిన 9,945 మంది మీద చేసిన ప్రసిద్ధ అధ్యయనంలో, 6 శాతం మందే మొత్తం నేరాల్లో సగం పైన చేశారని తేలింది, ఆ లెక్కని ఇప్పటికీ అందరూ చెబుతారు. ఆ 9,945 మందీ అబ్బాయిలే. లండన్‌లో 1961లో మొదలైన కేంబ్రిడ్జి అధ్యయనంలో 411 మంది, అందరూ అబ్బాయిలే. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 1987లో మొదలైన అధ్యయనం కూడా అబ్బాయిలతోనే, అమ్మాయిల కోసం వేరే అధ్యయనం 2000లో గానీ మొదలుకాలేదు. మనం వాడే రిస్క్ స్కేళ్లలో చాలావరకు ఈ అబ్బాయిల మీదే కట్టినవి. వాటిని అమ్మాయిల మీద వాడకూడదని నేననను, నేనూ వాడతాను, మొదట చెప్పినట్టు కారణాలు చాలావరకు ఒకటే కాబట్టి అవి కొంతవరకు పనిచేస్తాయి. కానీ స్కోరు చూసి ఆగిపోకండి. ఇంట్లోంచి పారిపోవడం స్కోరు పెంచుతుంది, ఇంట్లో వేధించేవాడి నుంచి పారిపోయిన అమ్మాయికి అదొక్కటే తెలివైన నిర్ణయం అయ్యుండొచ్చు. సిబ్బందితో గొడవలు స్కోరు పెంచుతాయి, కానీ మగ సిబ్బంది ఒంటి మీద చెయ్యి వేసి ఆపబోతేనే ఆమె తిరగబడుతోందేమో చూడండి. టొరంటోలో ఒక సంస్థ చిన్న పిల్లల కోసం అబ్బాయిలకి ఒక రిస్క్ పట్టిక, అమ్మాయిలకి వేరే పట్టిక తయారుచేసింది. చాలా అంశాలు రెండింట్లో ఒకటే, అమ్మాయిల దాంట్లో పెంచేవాళ్లకీ కూతురికీ మధ్య సంబంధం, లైంగిక ఎదుగుదల లాంటివి చేర్చారు. నాకు నచ్చిన పద్ధతి అది.

రోజువారీ పనిలో కనబడేవి కొన్ని చెబుతాను. అమ్మాయిల విభాగంలో హింస ఎక్కువగా తమ ఒంటి మీదే ఉంటుంది, కోసుకోవడం, గోడకి తల బాదుకోవడం. అబ్బాయిల్లో అది లేదనుకోకండి, గోడని గుద్ది వేళ్లు విరగ్గొట్టుకున్నవాడిని "కోపిష్టి" అని రాస్తారు, మణికట్టు కోసుకున్నదాన్ని "ఆత్మహత్య ప్రమాదం" అని రాస్తారు, లోపల ఉన్నది ఒకటే కావచ్చు. అమ్మాయి మీతో త్వరగా మాట్లాడుతుంది, త్వరగా తెగతెంపులు చేసుకుంటుంది, మీరు ఒక అపాయింట్‌మెంట్ మిస్సయితే అది ఆమెకి నమ్మకద్రోహం. అబ్బాయి వారాల తరబడి ఒక్క ముక్క మాట్లాడకుండా కూర్చుని, ఒక రోజు తలుపు దగ్గర చెయ్యి గొళ్లెం మీద పెట్టి అసలు విషయం చెబుతాడు. ఆ రోజు మీకు ఇంకో మీటింగ్ ఉన్నా కూర్చోండి. ఇద్దరిలోనూ "పశ్చాత్తాపం లేదు" అని రాయడానికి తొందరపడకండి. అవమానం పడ్డ పిల్లల మొహం చాలాసార్లు జాలి దయ లేనివాళ్ల మొహంలాగే ఉంటుంది. నిజంగానే ఎదుటివాళ్ల బాధ పట్టని పిల్లలు కొద్దిమంది ఉంటారు, అబ్బాయిల్లోనూ అమ్మాయిల్లోనూ. వాళ్లని తేల్చడానికి ఒక్క ఇంటర్వ్యూ చాలదు.

చికిత్సలు ఏవి పనిచేస్తాయంటే, పిల్లల్ని ఒంటరిగా కూర్చోబెట్టి బోధించేవి కాదు. కుటుంబాన్ని, స్కూలుని, స్నేహితుల్ని కలిపి పట్టుకునే మల్టీసిస్టమిక్ థెరపీ, ఫంక్షనల్ ఫ్యామిలీ థెరపీ లాంటి వాటికి చాలా పరీక్షల్లో మంచి ఫలితాలు వచ్చాయి, అన్నింట్లో రాలేదు. అమెరికాలోని ఒరెగాన్‌లో మొదలైన పద్ధతి ఒకటుంది, పిల్లల్ని ఒక్కొక్కరిగా శిక్షణ పొందిన పెంపుడు కుటుంబంలో ఉంచి రోజూ పర్యవేక్షిస్తారు. అది అబ్బాయిల్లోనే కాక అమ్మాయిల్లో కూడా నిర్బంధంలో గడిపే రోజుల్ని తగ్గించింది. దీన్ని బట్టి నేను అనుకునేది, పద్ధతి వెన్నెముక ఇద్దరికీ ఒకటే ఉండొచ్చు, లోపల మాట్లాడే విషయాలు మారాలి. అమ్మాయిలతో వాళ్ల సంబంధాల గురించి, ట్రామా (గతంలో తగిలిన మానసిక గాయం) గురించి ముందు మాట్లాడాలి, ట్రామాతో అబ్బాయిలకి పనిలేదనుకుంటే మాత్రం పొరపాటు.

భవిష్యత్తు సంగతి. ఫిలడెల్ఫియా, ఫీనిక్స్ నగరాల్లో తీవ్రమైన నేరాలు చేసిన 1,354 మంది టీనేజర్లని, అందులో అమ్మాయిలు దాదాపు 14 శాతం, ఏడేళ్లు అనుసరించారు. ఎక్కువ మంది నేరాలు తగ్గించేశారు. మొదటి మూడేళ్ల లెక్కలో, అబ్బాయిల్లో అదే జోరుతో కొనసాగించినవాళ్లు పదిమందిలో ఒకరి లోపే. పదహారేళ్ల వయసులో చేసిన నేరం ఎంత ఘోరమైనదన్న దాన్ని బట్టి ఇరవై నాలుగేళ్లకి ఆ మనిషి ఎలా ఉంటాడో చెప్పలేం. మానేయడానికి దారులు కూడా వేరుగా ఉంటాయి. మగవాళ్ల విషయంలో మంచి పెళ్లి, నిలకడైన ఉద్యోగం నేరం నుంచి బయటికి లాగుతాయని పాత పరిశోధన చెబుతుంది, అదీ మగపిల్లల మీద చేసిందే. అమ్మాయిలకి ఇది అంత నేరుగా వర్తించదు, ఎందుకంటే ఈ నేపథ్యం ఉన్న అమ్మాయికి దొరికే భాగస్వామి చాలాసార్లు ఆమె కన్నా లోతుగా నేరంలో ఉన్నవాడే. పెళ్లి చేస్తే దారికొస్తుందనే సలహా ఎవరైనా ఇస్తే ముందు ఆ పెళ్లికొడుకు ఫైలు అడగండి.

చివరిగా, విడుదల గురించి ఇప్పటినుంచే ఆలోచించండి. పైన చెప్పిన షికాగో పిల్లల్ని తర్వాత కూడా అనుసరించినప్పుడు, 2005 నాటి ఫలితాల్లో, వాళ్ల మరణాల రేటు అదే వయసు సాధారణ జనం కన్నా నాలుగు రెట్లు పైన ఉంది. అమ్మాయిలకి దాదాపు ఎనిమిది రెట్లు. అబ్బాయిలూ అమ్మాయిలూ ఎక్కువ మంది ఇంకొకరి చేతిలోనే చనిపోయారు. కాబట్టి విడుదల ప్రణాళికలో "మళ్లీ నేరం చేసే అవకాశం" అని ఒక పేజీ రాస్తే, "ఈ పిల్లకి ఎవరి వల్ల ప్రమాదం" అని ఇంకో పేజీ రాయండి. ఎవరి ఇంటికి వెళ్తోంది, ఆ ఇంట్లో ఇప్పుడెవరున్నారు, పాత స్నేహితుడు ఏ రోజు బయటికొస్తున్నాడు, అబ్బాయి అయితే ఏ గుంపుతో పాత పగ మిగిలుంది. చేరిన మొదటి వారంలోనే ఈ నాలుగూ అడిగి రాసిపెట్టుకోండి, ప్రతి రెండు మూడు నెలలకీ మళ్లీ అడగండి, జవాబులు మారుతూ ఉంటాయి.